గుమ్మం దాటని వస్తువులు

బస్సు ఎక్కే రైతు చేతిలో కొడవలి ఉంటే కండక్టరు దాన్ని సీటు కింద పెట్టమంటాడు. అంతకు మించి అడగడు. విమానం ఎక్కేవారి సంగతి వేరు. జేబులోని నాణెం మొదలు సంచిలోని పళ్ళపొడి వరకు అన్నింటినీ పరీక్షించిన తరువాతనే వారిని లోపలికి వదులుతారు. కొన్ని వస్తువులను అక్కడే ఆపేస్తారు. కొత్తగా విమానం ఎక్కేవారికి ఇది కొంత చిన్నతనంగా కూడా అనిపిస్తుంది. తమను దొంగల్లా చూస్తున్నారేమో అనుకుంటారు.

బస్సులో పొగ వస్తే డ్రైవరు దాన్ని రోడ్డు పక్కన ఆపుతాడు. జనం దిగిపోతారు. రైలులో అయితే గొలుసు లాగవచ్చు. విమానం భూమికి 35,000 అడుగుల ఎత్తున, గంటకు 800 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతూ ఉంటుంది. దానికి ఆగే చోటు లేదు. లోపల నిప్పు రాజుకున్నా, ఎవరైనా కత్తి దూసినా, దగ్గరి విమానాశ్రయం చేరేవరకు అందరూ ఆ గొట్టంలోనే ఉండాలి. అందువల్ల ప్రమాదం రాగల వస్తువును నేలమీద ఉండగానే వేరు చేయాలి. తనిఖీ అంతా ఇందుకోసమే.

విమాన ప్రయాణికుని సామాను రెండు చోట్లకు పోతుంది. చిన్న సంచి అతని వెంటనే ఉంటుంది. దానిని సీటు కిందనో, తలపై ఉన్న అరలోనో పెట్టుకుంటాడు. ఇది చేతిసంచి. పెద్ద పెట్టెను మాత్రం విమాన సంస్థవారికి ముందే అప్పగించి చీటీ తీసుకుంటాడు. అది విమానం పొట్టలోని సరకుల గదికి చేరుతుంది. ప్రయాణం ముగిసేవరకు దాని దగ్గరకు ఎవరూ పోలేరు.

ఈ రెండు చోట్లకూ ఒకే నిషేధం ఉంటుందని చాలామంది అనుకుంటారు. పొరపాటు జరిగేది ఇక్కడే. ప్రయాణికులు కూర్చునే గదిలో భయం మనిషి చేతిని గురించి. అక్కడ ఆయుధంగా పనికివచ్చే వస్తువు ఉండకూడదు. సరకుల గదిలో భయం నిప్పును గురించి. అక్కడ తనంతట తాను అంటుకొనే వస్తువు ఉండకూడదు. కనుక కత్తి పెట్టెలో ఉండవచ్చు, చేతిసంచిలో ఉండరాదు. విడి బ్యాటరీ చేతిసంచిలో ఉండవచ్చు, పెట్టెలో ఉండరాదు. బాణసంచా, పెట్రోలు, కిరోసిన్, వంటగ్యాసు, ఆమ్లాలు ఎక్కడా ఉండరాదు.

హొసూరు దగ్గరి పల్లెలో ఉండే ఒక అవ్వ ఢిల్లీలో ఉన్న కూతురి ఇంటికి మొదటిసారి విమానంలో బయలుదేరిందని అనుకుందాం. బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్ళి దగ్గర ఉన్న కెంపేగౌడ విమానాశ్రయంలో ఆమె విమానం ఎక్కాలి. అవ్వ చేతిసంచిలో వక్కాకుల పెట్టె ఉంది. అందులో వక్కలు కత్తిరించే అడకత్తెర ఉంది. కూతురికని పెట్టిన ఆవకాయ జాడీ ఉంది. గుడికి పోతే పనికివస్తాయని కర్పూరం, అగ్గిపెట్టె, ఒక కురిడీ పెట్టుకుంది. దారిలో ఫోను ఆగిపోతుందేమోనని మనుమడు ఒక పవర్ బ్యాంకు కొనిచ్చాడు. అది విలువైనది కదా అని భద్రంగా పెద్ద పెట్టె అడుగున, చీరల మధ్య పెట్టాడు.

తెలిసినవారు ఈ సామానును చూస్తే సగానికి సగం తారుమారు చేస్తారు. అడకత్తెర పదునైన ఇనుప వస్తువు కనుక పెద్ద పెట్టెలోకి పోవాలి. ఆవకాయ కూడా అంతే. మనదేశంలో కారప్పొడిని, మిరపకాయ ఊరగాయను చేతిసంచిలో అనుమతించరు. గుప్పెడు కారం కంట్లో పడితే ఏమవుతుందో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. జాడీకి మూత బిగించి, నూనె కారకుండా రెండు మూడు సంచుల్లో చుట్టి పెట్టెలో పెట్టాలి. పెట్టె అడుగున ఉన్న పవర్ బ్యాంకు మాత్రం పైకి వచ్చి చేతిసంచిలో చేరాలి. కర్పూరం, అగ్గిపెట్టె, కురిడీ ఇంటి దగ్గరే ఉండిపోవాలి.

కురిడీ ఏం చేసిందని చాలామంది అడుగుతారు. ఎండుకొబ్బరిలో సగానికి పైగా నూనె ఉంటుంది. గాలి తగలని చోట మూటగా కట్టి ఉంచితే, ఆ నూనె గాలిలోని ఆమ్లజనితో మెల్లగా కలుస్తూ వేడిని పుట్టిస్తుంది. వేడి బయటికి పోయే దారి లేకపోతే లోలోపలే పెరుగుతుంది. అందుచేత విమాన రవాణా నియమాలు ఎండుకొబ్బరిని తనంతట తాను వేడెక్కే పదార్థాల జాబితాలో చేర్చాయి. పూజగదిలో చల్లగా కూర్చునే వస్తువుకు ఇలాంటి గుణం ఉందంటే నమ్మడం కష్టమే.

పాదరసం విషయం మరీ విచిత్రం. అది మండదు, పేలదు. అయినా దానిని విమానంలోకి రానివ్వరు. విమానం ఒళ్ళు ఎక్కువ భాగం అల్యూమినియం మిశ్రమాలతో చేసినది. గాలి తగలగానే అల్యూమినియం మీద ఒక పలుచని పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఎక్కడైనా గీత పడి ఆ పొర చెదిరిన చోట పాదరసం చుక్క పడిందంటే, అది అల్యూమినియంతో కలిసిపోయి మళ్ళీ పొర ఏర్పడకుండా చేస్తుంది. లోహం చెద పట్టిన కర్రలా పొడి పొడి అవుతుంది. పగిలిన ఒక్క పరికరంలోని పాదరసం ఏ సందులోకి జారిందో వెతకడం కూడా తేలిక కాదు.

ఇవి పదార్థాల గుణాన్ని బట్టి వచ్చిన నియమాలు. మిగిలినవాటిలో చాలావరకు ఒక్కొక్క సంఘటన తరువాత వచ్చాయి. ఆ సంఘటనల వరుస తెలిస్తే జాబితా దానంతట అదే గుర్తుంటుంది.

1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్మూకు బయలుదేరిన 'గంగ' అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఇద్దరు యువకులు బెదిరించి లాహోరుకు మళ్ళించారు. ఒకని చేతిలో తుపాకి, మరొకని చేతిలో బాంబు ఉన్నాయి. ప్రయాణికులను విడిచిపెట్టిన తరువాత విమానాన్ని తగులబెట్టారు. ఆ తుపాకి బొమ్మ తుపాకి అనీ, ఆ బాంబు కర్రతో చేసినదనీ తరువాత తెలిసింది. తుపాకిలా కనిపించే ఆటవస్తువులను చేతిసంచిలో ఎందుకు రానివ్వరో దీన్నిబట్టి తెలుస్తుంది. విమానం నడిపేవారికి ఎదుటివాడి చేతిలో ఉన్నది నిజమైనదో బొమ్మో పరీక్షించే వ్యవధి ఉండదు. చిన్నపిల్లవాడి ఆట తుపాకిని లాక్కుంటే వాడు ఏడుస్తాడు. భద్రతా సిబ్బందికి అది ఇష్టమైన పని కాదు. అయినా చేయక తప్పదు.

అమెరికాలో ప్రయాణికులందరినీ తనిఖీ చేసే పద్ధతి 1973 జనవరిలో మొదలైంది. అంతకుముందు చాలా విమానాశ్రయాల్లో మనిషి నేరుగా నడచిపోయి విమానం ఎక్కేవాడు. 1974లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అన్ని దేశాలకూ వర్తించే భద్రతా ప్రమాణాలను ఆమోదించింది. మనదేశంలో 1976 సెప్టెంబరు 10న మరొక విమానం దారి మళ్ళిన తరువాత ప్రభుత్వం పాండే కమిటీని నియమించింది. ఆ కమిటీ సూచన ప్రకారం 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా బ్యూరో ఏర్పడింది. ఏయే వస్తువులను అనుమతించరాదో మనదేశంలో నిర్ణయించేది ఈ బ్యూరోయే.

అంతవరకు భయమంతా ప్రయాణికుని చేతిలోని వస్తువు మీదనే ఉండేది. 1985 జూన్ 23 ఆ అభిప్రాయాన్ని మార్చివేసింది. కెనడా నుంచి లండన్ మీదుగా ఢిల్లీకి రావలసిన ఎయిర్ ఇండియా విమానం 'కనిష్క' ఐర్లండు తీరానికి దగ్గరలో సముద్రంపై పేలిపోయింది. అందులోని 329 మందీ మరణించారు. బాంబు ఉన్నది సరకుల గదిలోని ఒక పెట్టెలో. ఆ పెట్టెను అప్పగించిన మనిషి విమానం ఎక్కనేలేదు. పెట్టె మాత్రం ప్రయాణం చేసింది. అదే రోజున జపానులోని నరిటా విమానాశ్రయంలో, మరొక ఎయిర్ ఇండియా విమానంలోకి ఎక్కించవలసిన పెట్టె పేలి ఇద్దరు సామాను మోసే పనివారు చనిపోయారు.

ఇప్పుడు సామాను అప్పగించిన ప్రయాణికుడు సమయానికి విమానం ఎక్కకపోతే, అతని పెట్టెను వెతికి దించిన తరువాతనే విమానం కదులుతుంది. ఎవరో ఒకరు ఆలస్యం చేసినందుకు అందరూ కూర్చోవలసి వచ్చిందని ప్రయాణికులు విసుక్కుంటారు. కనిష్క ప్రమాదం తరువాత, 1987 ఏప్రిల్ 1 నుంచి భద్రతా బ్యూరో స్వతంత్ర శాఖగా పనిచేయసాగింది. ఇతరులు ఇచ్చిన మూటలను లోపల ఏముందో తెలియకుండా తీసుకుపోరాదనే హెచ్చరిక కూడా ఇలాంటి అనుభవాల నుంచి పుట్టినదే. ఊళ్ళో ఎవరైనా ప్రయాణమవుతున్నారని తెలియగానే ఇరుగుపొరుగువారు తలా ఒక పొట్లం తెచ్చి ఇవ్వడం మనవారి అలవాటు. విమాన ప్రయాణానికి ఈ అలవాటు సరిపడదు. పొట్లం విప్పి చూసి, తన చేతితోనే సర్దుకొనేటట్లయితేనే ఒప్పుకోవాలి.

1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీకి వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని సాయుధులు కాందహార్‌కు మళ్ళించారు. ఒక ప్రయాణికుడిని చంపారు. మిగిలినవారిలో చాలామంది డిసెంబరు 31న గాని బయటపడలేదు. మరుసటి సంవత్సరం నుంచి మన విమానాశ్రయాల కాపలాను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగిస్తూ వచ్చారు. ఖాకీ దుస్తుల్లో గుమ్మం దగ్గర నిలిచి చీటీని, గుర్తింపు కార్డును చూసేది చాలాచోట్ల ఈ దళంవారే.

2001 సెప్టెంబరు 11న అమెరికాలో నాలుగు విమానాలను చిన్న కత్తులతో బెదిరించి స్వాధీనం చేసుకున్నారు. దాదాపు 3,000 మంది ప్రాణాలు పోయాయి. అప్పటివరకు ఆ దేశంలో 4 అంగుళాల లోపు అలుగు ఉన్న కత్తిని వెంట తీసుకుపోనిచ్చేవారు. ఆ సడలింపు ఆనాటితో పోయింది. కత్తెరల విషయంలో ఇప్పటికీ దేశానికొక కొలత ఉంది. అమెరికాలో 4 అంగుళాల లోపు అలుగు ఉన్న కత్తెరను ఒప్పుకుంటారు. యూరపులో 6 సెంటీమీటర్లు దాటకూడదు. మనదేశంలో సిక్కులు ధరించే కృపాణం వారి మతచిహ్నం. అలుగు 6 అంగుళాలు, మొత్తం పొడవు 9 అంగుళాలు మించకపోతే, దేశంలోపల తిరిగే విమానాల్లో దానిని ధరించి కూర్చోవచ్చు. క్రికెట్ బ్యాటు, హాకీ కర్ర మాత్రం ఎంతటి ఆటగాడిదైనా పెట్టెతోపాటు కిందికి పోవలసిందే.

అదే సంవత్సరం డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీకి పోతున్న విమానంలో ఒకడు తన బూటులో దాచిన పేలుడు పదార్థానికి అగ్గిపుల్లతో నిప్పు అంటించబోయాడు. విమాన పరిచారికలు, ప్రయాణికులు కలిసి అతన్ని పట్టుకొని కట్టివేశారు. బూట్లు విప్పించే పద్ధతి దీనితో వచ్చింది. అమెరికా దానిని 2025 జూలైలో మానుకుంది. కొత్త యంత్రాలు బూటు విప్పకుండానే లోపల చూడగలుగుతున్నాయి.

ద్రవాల కథ ఇంకొకటి. 1994 డిసెంబరు 11న మనీలా నుంచి సెబూ మీదుగా టోక్యోకు పోతున్న విమానంలో, కాంటాక్ట్ లెన్సులు శుభ్రపరిచే మందు సీసాలో తెచ్చిన పేలుడు ద్రవంతో బాంబు పేల్చారు. జపానుకు చెందిన ఒక ప్రయాణికుడు మరణించాడు. అప్పట్లో ఎవరూ సీసాలను గురించి పెద్దగా పట్టించుకోలేదు. 12 సంవత్సరాల తరువాత, 2006 ఆగస్టు 10న, శీతల పానీయాల సీసాల్లో పేలుడు ద్రవాలు నింపి అనేక విమానాలను కూల్చాలన్న పన్నాగాన్ని బ్రిటిషు పోలీసులు బయటపెట్టారు. ఆ రోజున లండను విమానాశ్రయాల్లో చేతిసంచులనే రానివ్వలేదు. పసిబిడ్డకు తెచ్చిన పాలను తల్లి సిబ్బంది ఎదుట రుచి చూసి చూపవలసి వచ్చింది.

అంతర్జాతీయ విమానాలకు ఉన్న 100 మిల్లీలీటర్ల నియమం అప్పుడు పుట్టింది. ద్రవం ఉన్న ఏ సీసా అయినా 100 మిల్లీలీటర్లకు మించినది కాకూడదు. అలాంటి సీసాలన్నీ ఒక లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో ఇమడాలి. ఇక్కడ కొలిచేది సీసా పరిమాణాన్ని, లోపల మిగిలిన ద్రవాన్ని కాదు. 200 మిల్లీలీటర్ల కొబ్బరినూనె సీసాలో అడుగున రెండు చెంచాలే ఉన్నా దానిని ఆపేస్తారు. పేస్టు, లేపనం, నెయ్యి, తేనె, పెరుగు కూడా ద్రవాల లెక్కలోనే వస్తాయి. ప్రయాణంలో కావలసిన మందులకు, పసిపిల్లల పాలకు మినహాయింపు ఉంది. మందులవాళ్ళు వైద్యుని చీటీ దగ్గర ఉంచుకోవడం మంచిది. సీసాలోని ద్రవం ఏదో గుర్తించగల కొత్త యంత్రాలు వచ్చిన కొన్ని బ్రిటిషు విమానాశ్రయాల్లో 2025 నుంచి ఈ పరిమితిని 2 లీటర్లకు పెంచారు.

సంచి లోపలికి పోయే యంత్రం ఎక్స్‌రేలతో పనిచేస్తుంది. తెర మీద ఇనుము వంటి లోహాలు నీలంగా, బట్టలు, కాగితాలు, తినుబండారాల వంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. పేలుడు పదార్థాలలో చాలావరకు ఈ రెండవ రకానికే చెందుతాయి. అందుకే ఒక్కొక్కప్పుడు మైసూరుపాకు డబ్బాను విప్పి చూపమంటారు. ల్యాప్‌టాప్‌ను విడిగా పెట్టమనడానికి కారణం అది దట్టమైనది కావడమే. దాని కింద ఉన్నది తెరమీద సరిగా కనిపించదు. స్త్రీలను తెర కట్టిన చోట స్త్రీ సిబ్బందే తనిఖీ చేస్తారు. ఈ వరుసలో నిలబడి 'నా సంచిలో బాంబు ఉంది' అని పరిహాసమాడితే దానిని ఎవరూ పరిహాసంగా తీసుకోరు. పోలీసు కేసు అవుతుంది, ప్రయాణమూ ఆగిపోతుంది.

అవ్వ పెట్టె అడుగున మనుమడు దాచిన పవర్ బ్యాంకు విషయానికి వద్దాం. అందులో ఉండేది లిథియం బ్యాటరీ. అది దెబ్బతిన్నా, దాని కొనలు లోహానికి తగిలినా లోపలి భాగం వేడెక్కుతుంది. ఒక అర వేడి పక్క అరను వేడెక్కిస్తుంది. కొన్ని నిమిషాల్లో మంట లేస్తుంది. ప్రయాణికుల గదిలో అలా జరిగితే పొగ వెంటనే కనిపిస్తుంది. సిబ్బంది మంట ఆర్పి, నీళ్ళు పోసి దానిని చల్లబరుస్తారు. సరకుల గదిలో జరిగితే చూసేవారే లేరు. అక్కడ మంటను అణచే వాయువు ఉన్నా, బ్యాటరీ లోపలి వేడిని అది పూర్తిగా ఆపలేదు. 2010 సెప్టెంబరు 3న దుబాయి నుంచి బయలుదేరిన ఒక సరకుల విమానంలో లిథియం బ్యాటరీలు ఉన్న సామాను అంటుకొని విమానం కూలిపోయింది. నడుపుతున్న ఇద్దరూ మరణించారు.

బ్యాటరీ శక్తిని వాట్-అవర్లలో కొలుస్తారు. 100 వాట్-అవర్ల వరకు చేతిసంచిలో పెట్టుకోవచ్చు. 100 నుంచి 160 వరకు ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి, అవి కూడా రెండింటికి మించరాదు. 160 దాటితే అనుమతే లేదు. పవర్ బ్యాంకు మీద సాధారణంగా మిల్లీ ఆంపియర్-అవర్ల సంఖ్య ఉంటుంది. దానిని 1,000తో భాగించి వోల్టుల సంఖ్యతో హెచ్చిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 అని రాసి ఉండి, వోల్టులు 3.7 అయితే, 20ని 3.7తో హెచ్చించగా 74 వస్తుంది. అది చేతిసంచిలో పోవచ్చు. అంకెలు చెరిగిపోయినదాన్ని సిబ్బంది నమ్మరు.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న ఒక విమానంలో తలపై అరలో మంట లేచింది. అందరూ దిగి ప్రాణాలు దక్కించుకున్నారు, విమానం మాత్రం కాలిపోయింది. అరలోని పవర్ బ్యాంకు దానికి కారణం కావచ్చునని దర్యాప్తు అధికారులు చెప్పారు. ఆ తరువాత కొరియాలో పవర్ బ్యాంకును తలపై అరలో పెట్టరాదనే నియమం వచ్చింది. అది ప్రయాణికుని కంటి ముందే ఉండాలి.

నిషిద్ధమైన వస్తువుకు మరొక పేరు పెట్టి పంపడం ఎంత ప్రమాదమో 1996 మే 11న అమెరికాలోని ఫ్లోరిడాలో తెలిసింది. పాత ఆక్సిజన్ ఉత్పాదకాలను 'ఖాళీవి' అని రాసి విమానం సరకుల గదిలో ఎక్కించారు. అవి ఖాళీవి కావు. గాలిలో ఉండగానే అంటుకున్నాయి. 110 మంది చనిపోయారు.

గుమ్మం దగ్గర వస్తువును ఆపినప్పుడు ప్రయాణికునికి కొన్ని దారులు ఉంటాయి. వ్యవధి ఉంటే వెనుకకు పోయి, పెట్టెలో పెట్టదగినదాన్ని అప్పగించవచ్చు. సాగనంపడానికి వచ్చినవారికి ఇచ్చి పంపవచ్చు. లేదా అక్కడే వదలివేయవచ్చు. తరతరాలుగా వస్తున్న అడకత్తెరను అలా వదలి రావడం ఎవరికైనా బాధే. అందుకే సామాను సర్దేటప్పుడే చూసుకోవాలి.

జాబితా ఎప్పుడూ ఒకేలా ఉండదు. అయ్యప్ప దీక్ష తీసుకున్నవారు ఇరుముడిలో నెయ్యి నింపిన కొబ్బరికాయను శబరిమలకు తీసుకుపోతారు. ఇరుముడిని తలమీద మోయాలే గాని సరకుల గదిలో పడవేయడం భక్తులకు సమ్మతం కాదు. కొబ్బరికాయను చేతిసంచిలో రానివ్వకపోవడంతో వారు ఇబ్బంది పడేవారు. 2024 అక్టోబరులో పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం లోక్‌సభ సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు దీనికి ఒక సడలింపును ప్రకటించారు. ఆ యాత్రాకాలంలో, 2025 జనవరి 20 వరకు, ఇరుముడిలోని కొబ్బరికాయను భక్తులు తమ వెంటనే ఉంచుకోవచ్చునన్నారు. అయితే దానికి మూడు పరీక్షలు పెట్టారు. మొదట ఎక్స్‌రే యంత్రం, తరువాత పేలుడు పదార్థాల జాడను పసిగట్టే యంత్రం, చివరగా చేతితో తనిఖీ.

ప్రశ్నలు

1. చేతిసంచికీ, అప్పగించే పెట్టెకూ వేరువేరు నిషేధాలు ఎందుకు ఉన్నాయి? ఒక్కొక్కదానికి రెండు ఉదాహరణలు రాయండి.
2. ఆట తుపాకిని విమానంలోకి ఎందుకు రానివ్వరు? 1971 నాటి సంఘటన ఆధారంగా రాయండి.
3. పాదరసం మండదు, పేలదు. అయినా దానివల్ల విమానానికి కలిగే హాని ఏమిటి?
4. ఒక పవర్ బ్యాంకు మీద 30,000 మిల్లీ ఆంపియర్-అవర్లు, 3.7 వోల్టులు అని ఉంది. దానిని చేతిసంచిలో తీసుకుపోవడానికి ఎవరి అనుమతి కావాలి? లెక్క కట్టి చెప్పండి.
5. మీ ఇంట్లో ఎవరైనా దూర ప్రయాణానికి సర్దుకొనే సామాను పేర్లు రాసి, విమానంలో అయితే ఏది ఎక్కడ ఉండాలో విభజించండి.